పాడునేలలో పండిన తోటలు

తెలుగు పల్లెలలో ఇంటి వెనుక పెరడుండుట పూర్వమునుండి వచ్చుచున్న అలవాటు. బావిగట్టునుండి పారు నీటితో అరటిచెట్లు, పందిరిమీద బీర, పొట్ల పాదులు, గోడప్రక్క గోంగూర మడి పెరుగుచుండును. ఆ పెరటి ధర యెంతయని గృహస్థు సాధారణముగా ఆలోచింపడు. నేడు కూరకేమి దొరకునని మాత్రమే చూచును. నగరములలో నేల సంగతి వేరు. అచ్చట గజమునకు ఇంతయని వెల పలుకును. పలువురు స్థలమును కొని, దానిలో ఏమియు చేయక, ధర పెరుగువరకు వేచియుండి అమ్ముదురు. నేలను పండించుకొనుట యొకటి, అమ్ముకొనుట మరియొకటి. ఈ రెండును ఒకే స్థలము విషయమున ఎదురుపడిన వృత్తాంతము అమెరికాలోని న్యూయార్కు నగరమున జరిగెను.

1970 తరువాతి సంవత్సరములలో ఆ మహానగరము గొప్ప చిక్కులలో పడెను. కర్మాగారములు మూతపడెను. కలిగినవారు అనేకులు శివారులకు తరలిపోయిరి. 1975లో నగర ప్రభుత్వము దివాలా తీయు స్థితికి వచ్చెను. బీదలు నివసించు వాడలలో అద్దెలు సరిగా రానందున, ఇండ్ల యజమానులు పన్నులు చెల్లించుట మాని, ఇండ్లను విడిచిపోయిరి. కొన్ని ఇండ్లు కాలిపోయెను, కొన్నిటిని కూల్చివేసిరి. పన్ను బాకీల క్రింద ఆ స్థలములు నగర ప్రభుత్వము వశమయ్యెను. వానిని కొనువారు లేరు. ఇటుకముక్కలకును, పగిలిన గాజుపెంకులకును, ఎలుకలకును అవి నిలయములయ్యెను.

ఆ వాడలలో నొకదానియందు లిజ్ క్రిస్టీ యను చిత్రకారిణి యుండెను. 1973లో ఆమెయు, ఇరుగుపొరుగువారును కలసి, బవరీ, హౌస్టన్ అను రెండు వీధులు కలియుచోట నున్న యొక పాడుస్థలమును బాగుచేయ బూనుకొనిరి. చెత్తను ఎత్తిపోసి, క్రొత్త మట్టిని తెచ్చి, 60 ఎత్తుమడులు కట్టి, కూరగాయలు నాటిరి. ఇతర ఖాళీ స్థలముల కంచెలపైనుండి విత్తనముల ఉండలను లోపలికి విసరిరి. 1974లో నగర ప్రభుత్వము ఆ స్థలమును నెలకు 1 డాలరు అద్దెకు వారికిచ్చుట కంగీకరించెను.

ఇల్లు కూలిన నేలలో పంట పండించుట తేలిక పని కాదు. శిథిలములతో నిండిన చోట వేళ్ళు లోతునకు పోజాలవు. అంతకంటె పెద్ద అపాయము సీసము. పాత ఇండ్లకు వేసిన రంగులలోని సీసము మట్టిలో కలసియుండును. ఆ ధూళి చేతులకంటి నోటిలోనికి పోయినను, ఆకుకూరలతో శరీరమును చేరినను, ముఖ్యముగా పిల్లల మెదడునకు హాని కలుగును. అందుచే తోటవారు చుట్టును పలకలు నిలిపి, లోపల శుభ్రమైన మట్టియు, కుళ్ళిన ఆకుల ఎరువును నింపి, అందులో పైరు పెట్టుదురు. ఎత్తైన భవనముల నీడ పడని చోటును చూచి మడులు కట్టుదురు.

ఈ పని వాడవాడలకు వ్యాపించెను. 1978లో నగర ప్రభుత్వమే గ్రీన్ థంబ్ అను శాఖను నెలకొల్పి తోటవారికి తోడ్పడసాగెను. ప్యూర్టోరికో ద్వీపమునుండి వచ్చిన కుటుంబములు తమ ఊరి పద్ధతిని తోటలలో చిన్న కొయ్య యిండ్లు కట్టి, మిరప, చిక్కుడు మొదలగువానిని పెంచిరి. భయముతో దాటిపోవలసిన వీధిమూలలు ముసలివారు కూర్చుండు చోట్లయ్యెను.

ఇచ్చటనే విచిత్రము కలదు. ఏ స్థలమును ఎవ్వరును కొనరైరో, ఆ స్థలము చుట్టుపట్ల ధరలు పెరుగసాగెను. తోటలు వెలసిన తరువాత వాని సమీపమున నున్న ఇండ్ల వెల హెచ్చెననియు, బీదవాడలలో ఈ మేలు అధికమనియు న్యూయార్కు విశ్వవిద్యాలయ పండితులు 2008లో ప్రకటించిరి. నేల విలువకు దాని యజమాని శ్రమ మాత్రమే కారణము కాదు. చుట్టునున్న జనుల శ్రమయు కారణమే. హెన్రీ జార్జి అను అర్థశాస్త్రజ్ఞుడు 1879లోనే ఈ సంగతిని విపులముగా చర్చించెను. కాని తోటవారి చేతిలో పట్టా లేదు. తమ శ్రమచే పెరిగిన వెలయే వారికి ముప్పై వచ్చెను.

1999లో నగర ప్రభుత్వము నూటికి పైగా తోటలను వేలము వేయ నిశ్చయించెను. నగరమునకు ఇండ్లు కావలెననియు, తోటల కిచ్చిన అనుమతి తాత్కాలికమే యనియు అధికారుల వాదము. ఖాళీ స్థలములు ఇంకను అనేకము లుండగా పండుచున్న నేలను ఏల తీసికొనవలెనని తోటవారి ప్రశ్న. రెండు వాదములలోను కొంత న్యాయము లేకపోలేదు. వేలమునకు ముందటి దినమున రెండు ధర్మసంస్థలు 40 లక్షల డాలర్లకు పైగా చెల్లించి ఆ తోటలను కొనెను. అయినను అన్ని తోటలును నిలువలేదు. ఎస్పెరాంజా, అనగా ఆశ, అను పేరుగల తోటను 2000 ఫిబ్రవరిలో యంత్రములతో చదునుచేసిరి. 2002లో నగర ప్రభుత్వము ఒడంబడిక చేసికొనగా వందలకొలది తోటలు రక్షింపబడెను. కొన్ని ఇండ్లకొరకు వదలుకొనవలసివచ్చెను.

లిజ్ క్రిస్టీ 1985లో మరణించెను. మరుసటి సంవత్సరము ఆమె తోటకు ఆమె పేరే పెట్టిరి. అది నేటికిని పచ్చగా నున్నది. ఖాళీ స్థలమును చూచినప్పుడు దాని వెల యెంతయని అడుగుట లోకసహజము. ఆ వెల ఎవరి చెమటచే పెరిగినదని కూడ అడుగుట వివేకవంతుల లక్షణము.