సముద్రానికి ఇంత సామానెందుకు?

సముద్రం చూసివచ్చిన మా అమ్మను పక్కింటి పిన్నిగారు, "ఎలా వుందండీ సముద్రం?" అని అడిగారు.

"హోరు బాగా వినపడిందమ్మా!" అంది అమ్మ.

నవ్వుతూనే అంది. కాని ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. హైదరాబాదునుంచి రాత్రంతా రైల్లో ప్రయాణంచేసి, గోదావరి దాటి, అంతర్వేది దాకా వచ్చి ఆవిడ చేసిన పనేమిటంటే, సరుగుడు చెట్టు నీడన కూర్చుని ఏడు సామానులకు కాపలా కాయటం. రెండోరోజు పొద్దున్నే గది ఖాళీచేసి, సామానంతా వెంటబెట్టుకుని తీరానికి వెళ్లాం. ఎవరో ఒకరు వాటి దగ్గర వుండాలి కదా! పిల్లలు వుండరు. నేను పిల్లలను పట్టుకోవాలి. మా ఆవిడ నన్ను పట్టుకోవాలి. ఇక మిగిలింది అమ్మ. డెబ్బై ఏళ్ల వయసులో సముద్రానికి వచ్చి, కాలికి ఉప్పునీటి చుక్క తగలకుండా తిరిగి ఇల్లు చేరింది.

ఆ ఏడు సామానులూ ఏమిటంటారా? చక్రాల పెట్టెలు రెండు. దుప్పట్ల మూట ఒకటి. పులిహోర, పెరుగన్నం, ఊరగాయ జాడీతో ఒక బుట్ట. జంతికలు, చేగోడీల సంచీ ఒకటి. మంచినీళ్ల డబ్బా ఒకటి. ఏడోదానికి పేరు లేదు. "కావలసివస్తేనో?" అన్నప్పుడల్లా ఒక్కొక్క వస్తువే అందులో పడుతూ వచ్చింది. నిజం చెప్పాలి, అందులో సగం నేను పెట్టించినవే. తీరిగ్గా చదువుకుందామని రెండు లావుపాటి నవలలు, పొద్దున్నే నడుద్దామని ఒక జత బూట్లు. చదవనూ లేదు, నడవనూ లేదు.

మా తాతగారి కాలంలో ప్రయాణమంటే ట్రంకుపెట్టె, హోల్డాలు, మరచెంబు. అప్పుడు స్టేషనులో కూలీలుండేవారు, దిగినచోట చుట్టాల యిల్లుండేది. ఇప్పుడు మోసేదీ మనమే, దింపేదీ మనమే. అయినా సర్దటం మాత్రం తాతగారి లెక్కనే సర్దుతున్నాం.

ఒక చిన్న లెక్క

ఇంటినుంచి స్టేషనుకు ఆటో. అక్కడనుంచి నరసాపురానికి రైలు. నరసాపురం స్టేషనునుంచి రేవుకు మళ్లీ ఆటో. రేవులో వశిష్ఠ గోదావరిని దాటటానికి పంటు. ఆవలిగట్టున సఖినేటిపల్లినుంచి అంతర్వేదికి ఇంకో ఆటో. మొత్తం అయిదు బండ్లు. ప్రతి బండికీ సామాను ఒకసారి ఎక్కించాలి, ఒకసారి దింపాలి. అంటే ఒక్కొక్క సామానుకు పది ఎత్తుళ్లు. ఏడింటికి డెబ్బై. రానూ పోనూ నూటనలభై! రెండురోజుల విహారంలో నూటనలభై బరువులెత్తినవాడికి సముద్రం అందం ఏం కనిపిస్తుంది?

పంటు మీద మా సామాను చూసి ఒకాయన, "ఆయ్! కాపరం మారుస్తున్నారాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. గోదావరి జిల్లావాళ్ల వెటకారం కూడా 'అండీ' లేకుండా వుండదు గదా! అంతకంటె సిగ్గుపడవలసింది ఇంకొకటి జరిగింది. నా రెండు చేతుల్లోనూ రెండు పెట్టెలుండగా మా చిన్నవాడు పంటు అంచుదాకా పరుగెత్తాడు. ఎవరో పుణ్యాత్ముడు చొక్కా పట్టుకుని వెనక్కు లాగాడు. నది దాటేటప్పుడు తండ్రి చెయ్యి వుండవలసింది పిల్లవాడి భుజంమీద; పెట్టె పిడిమీద కాదు.

ఆ పెట్టెలకున్న చక్రాలైనా పనికొచ్చాయా అంటే, ఇసకలో నాలుగడుగులు దొర్లి, నాగలిలా చాలుదున్ని నిలబడిపోయాయి.

కోనసీమలో దొరకనిదేమిటి?

బరువంతా భయానిది. "అక్కడ దొరక్కపోతేనో?" అన్నదే ఆ భయం. కాని వెళుతున్నది ఎక్కడికి? అటు గౌతమి, ఇటు వశిష్ఠ, దిగువన సముద్రం. వీటి నడుమ వున్నది కోనసీమ. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు కాలవల నీటితో పండుతున్న పచ్చని నేల. సబ్బుబిళ్ల, దువ్వెన, పిల్లల బిస్కెట్లు అమ్మే దుకాణాలు అమలాపురంలో వున్నాయి, రాజోలులో వున్నాయి, కొత్తపేటలో వున్నాయి. దాహమైతే కొబ్బరి బొండాలున్నాయి. అంబాజీపేట వైపు వెళితే పొట్టిక్కలు దొరుకుతాయి. పనసాకులను బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరిమీద ఉడికిస్తారు. తిన్న తరువాత కడగవలసిన గిన్నె లేదు, మోసుకుపోవలసిన డబ్బా లేదు. తేలికగా ప్రయాణం చెయ్యటం ఆ పనసాకు దగ్గర నేర్చుకోవాలి!

అన్నం సంగతంటారా? లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ వచ్చినవారికి కూడా అన్నంపెట్టిన సీమ ఇది. ఆవిడ ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఆకలితో ఏడుస్తున్న పిల్లలకు పెద్దవాళ్లు, "కాసేపు ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అని చెప్పటం ఆవిడ చెవిని పడిందట. వెంటనే యాత్ర మానుకుని వెనక్కు మళ్లి, వాళ్లకంటె ముందే ఇల్లుచేరి వంట చేయించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయమీద వున్న అక్విడక్టుకు ఆవిడ పేరే పెట్టారు. అటువంటి సీమకు ఊరగాయ జాడీ మోసుకుపోయాం మేము!

పూర్వం చొల్లంగి అమావాస్యనాడు మొదలుపెట్టి, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నీ స్నానాలుచేస్తూ, భీష్మేకాదశికి అంతర్వేది చేరేవారు సప్తసాగర యాత్రికులు. పదకొండు రోజుల యాత్రకు భుజాన ఒక మూట. మనకు రెండురోజులకు ఏడు!

ఏమి తీసుకువెళ్లాలి?

రెండోసారి బయలుదేరే ముందు ఇంట్లో ఒక శాసనం చేశాం: మనిషికొక సంచీ, ఎవరి సంచీ వారే మొయ్యాలి. సంచీ సర్దుకుని, భుజాన వేసుకుని, మేడమెట్లు మూడుసార్లు ఎక్కిదిగాలి. ఆయాసం వస్తే విప్పి ఏదో ఒకటి తీసెయ్యాలి. ఈ పరీక్షలో మొదట తప్పినవాణ్ని నేనే. మళ్లీ ఒక నవల బయటికి వచ్చింది.

బట్టల విషయంలో ఒంటిమీద ఒక జత, సంచీలో రెండు జతలు చాలు. అందులో ఒకటి సముద్రస్నానానికి పనికివచ్చే పాతది. లావుపాటి టర్కీ తువాలు వద్దు. పల్చటి తుండుగుడ్డ మేలు. తేలికగా వుంటుంది, తొందరగా ఆరుతుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకని సముద్రపునీటిలో తడిసిన బట్టను మంచినీళ్లలో జాడించకపోతే, ఎంతసేపు ఆరవేసినా చెమ్మగానే వుంటుంది. గదికి రాగానే జాడించి ఆరవేస్తే మూడో జత అవసరమే రాదు. తడిబట్టలకు ఒక ప్లాస్టిక్ సంచీ వుంచుకోండి. తీరంలో తిన్నవాటి కాగితాలు, సీసాలు తిరిగి తెచ్చుకోవటానికీ అటువంటిదే ఇంకొకటి.

మానకూడనివి కొన్ని వున్నాయి. పెద్దవాళ్లు రోజూ వేసుకునే మందులు, వాటి చీటీ, కళ్లజోడు, ఎండకు గొడుగు, పిల్లలకు టోపీలు, ఒక మంచినీళ్ల సీసా. సెల్‌ఫోనుకు నీరు తగలకుండా చిన్న కవరు. నగలు మాత్రం ఇంట్లోనే వుంచండి. అల తీసుకుపోయిన ఉంగరాన్ని వెతికిపెట్టటానికి శకుంతల కథలోని చేప ప్రతివారికీ దొరకదు.

సంచీలో పావువంతు ఖాళీ వుంచుకోవటం మరిచిపోవద్దు. వచ్చేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు తేకపోతే ఇరుగుపొరుగు ఊరుకోరు. కాగితంకంటె పల్చని ఆ రేకులు బరువేమీ వుండవు. పైన బరువు పడితే మాత్రం పొడి అయిపోతాయి.

ఇక వెళ్లేకాలం. నవంబరు చివరినుంచి ఫిబ్రవరిదాకా హాయిగా వుంటుంది. తుపాను హెచ్చరిక వుంటే ప్రయాణమే మానుకోవాలి. 1996 నవంబరు 6న వచ్చిన తుపానును కోనసీమ మరిచిపోలేదు. మాఘమాసంలో స్వామి కల్యాణం, భీష్మేకాదశి రథోత్సవం రోజుల్లో జనం కిటకిటలాడతారు. అప్పుడు వెళ్లేవారు సంచీని ఇంకా సగం చేసుకోవాలి.

చివరగా, అన్నిటికంటె ముఖ్యమైనది. అంతర్వేది దగ్గర నదీ సముద్రమూ కలిసేచోటుకు అన్నాచెల్లెళ్ల గట్టని పేరు. చూడటానికి అందమైన చోటు, దిగటానికి కాదు. నది వడి, ఆటుపోట్లు కలిసినచోట కాలికింద ఇసక జారిపోతుంది. స్నానం చేసేచోటు ఆ వూరివారిని అడిగి తెలుసుకోండి. మోకాలిలోతు దాటవద్దు. తడిసిన ఆరుగజాల చీర కాళ్లకు చుట్టుకుంటుంది కనుక ఆడవారు మరీ జాగ్రత్తగా వుండాలి. పిల్లల చెయ్యి వదలవద్దు. చేతులు ఖాళీగా వుంటేనేగా పట్టుకునేది!

రెండోసారి

మరుసటి ఏడు మళ్లీ వెళ్లాం. అయిదుగురం, అయిదు సంచీలు. రెండోరోజు పొద్దున అవి భుజాలమీద వుండగానే తీరానికి వెళ్లాం. ఎవరూ కాపలా కూర్చోలేదు. వంతులవారీగా ఒకరి సంచీ ఒకరు పట్టుకున్నాం, అంతే.

అమ్మ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని నీళ్లదాకా నడిచింది. మొదటి అల పాదాలను తడిపి వెళ్లగానే, "అయ్యో, కాలికింద నేల పోతోందే!" అని చిన్నపిల్లలా కేకపెట్టింది. తరువాత గంటసేపు ఎంత పిలిచినా గట్టుకు రాలేదు.

తిరిగివచ్చేటప్పుడు పంటు మీద చూస్తే, ఆవిడ కొంగున ఏదో పెద్ద ముడి వుంది.

"ఏమిటమ్మా అది?" అన్నాను.

"గవ్వలురా. బరువని తీసిపారెయ్యమంటావేమో! నా సామాను నేనే మోసుకుంటాలే" అంది.