రెండు బోర్డులు, మే నెల ఎండ

రామగుండం ఎన్టీపీసీలో పుట్టిన కరెంటు 400 కిలోవోల్టుల లైన్లలో బయలుదేరి, మెట్టుమెట్టుగా దిగి, 230 వోల్టులై ఇంటికొస్తుంది. పీసీలోని పవర్ సప్లై దాన్ని 12 వోల్టులు చేస్తుంది. ఆఖరి మెట్టు మదర్‌బోర్డు మీదే. ప్రాసెసర్ పక్కన బారులు తీరిన ఫేజులతో ఉండే వీఆర్ఎం (వోల్టేజ్ రెగ్యులేటర్) ఆ 12ను సుమారు 1.2 వోల్టులకు దింపుతుంది.

కరీంనగర్‌లో గేమింగ్ పీసీ కట్టుకునే కుర్రాడి ముందు రెండు బీ650 బోర్డులున్నాయనుకుందాం. సాకెట్ ఏఎం5, ర్యామ్ డీడీఆర్5, రెండింటికీ ఒకటే. ఖరీదైన దానికి వీఆర్ఎం ఫేజులు ఎక్కువ, హీట్‌సింక్ పెద్దది. అవసరమా?

ప్రాసెసర్ 120 వాట్లు లాగితే 1.2 వోల్టుల దగ్గర 100 ఆంపియర్లు పారాలి. వీఆర్ఎం సామర్థ్యం 90 శాతమైతే 13 వాట్లు వేడిగా పోతాయి. నిరోధం వల్ల పోయేది కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే రకం ఫేజులు రెట్టింపై కరెంటును పంచుకుంటే ఆ నష్టం సగమవుతుంది. ఇక ఆ వేడి గదిలోని వేడి మీద కూర్చుంటుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో 75 చూపిన వీఆర్ఎం, 42 డిగ్రీల మేడ మీది గదిలో 90 దాటుతుంది. మే నెలలో కరీంనగర్, ఆదిలాబాద్ ఎండ తెలిసినవాళ్లు రివ్యూలోని అంకెకు ఈ తేడా కలుపుకోవాల్సిందే.

అయినా నా ఓటు చవక బోర్డుకే. రైజెన్ 5 7600 గరిష్ఠంగా లాగేది 88 వాట్లు. ఆటల్లో అంత కూడా ఉండదు. హీట్‌సింక్ అంటూ ఒకటి ఉంటే చాలు. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు పెడితే ఫ్రేములు పెరుగుతాయి, బోర్డుకు పెడితే పెరగవు. పీసీఐఈ 5.0 స్లాటు కోసం ఎక్కువ పెట్టడమూ అంతే.

నేనైతే డబ్బు పెట్టేది ఒక్క బటన్‌కు: బయాస్ ఫ్లాష్‌బ్యాక్. 2024లో వచ్చిన రైజెన్ 9000 ప్రాసెసర్‌ను పాత స్టాకు బీ650 బోర్డులో పెడితే, బయాస్ అప్‌డేట్ కానిదే తెర వెలగకపోవచ్చు. ఆ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో పని అయిపోతుంది. లేకుంటే బోర్డు పట్టుకుని కరీంనగర్ నుంచి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు 160 కిలోమీటర్లు. ఆదిలాబాద్ వాళ్లకైతే హైదరాబాద్ 300, నాగ్‌పూర్ 200. కొన్న చోటే, కళ్ల ముందే, షాపతను అప్‌డేట్ చేసి ఆన్ చేసి చూపిస్తే ఆ బటన్ కూడా అక్కర్లేదు.