రైఫిలు ఎన్నిక

ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వంలో ఒక అడవిపంది మీద ఇద్దరు విలుకాండ్రు ఒక్కసారే బాణాలు వేసినారు. ఒకడు అర్జునుడు, రెండవవాడు కిరాతవేషంలో వచ్చిన పరమేశ్వరుడు. పంది కూలినది. ముందు గురిపెట్టినది ఎవరన్న తగవు పుట్టి ద్వంద్వయుద్ధానికి దారితీసినది. విద్యార్థులు ఆ కథలో పాశుపతాన్ని గుర్తుంచుకొంటారు. వేటగాడు గుర్తుంచుకోవలసినది ఆ తగవునే. బాణం ఎవరిది? వేసే అధికారం ఎవరిది? అది ఎక్కడ తగిలి ఆగవలె? ఈ మూడు ప్రశ్నలూ బాణం పోయి తుపాకి వచ్చిన తరువాత మరింత బరువెక్కినవి.

నిజామాబాదు జిల్లా రైతుకు ఇవి పురాణకాలక్షేపపు ప్రశ్నలు కావు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగర నిర్మాణం మంజీర నీటిని బోధన్ ప్రాంతపు పొలాలకు మళ్ళించినది. 1937లో శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. 2015లో ఆ కర్మాగారం మూతపడి చెఱకు సాగు వెనుకపట్టు పట్టినా, అడవిపంది మాత్రం వెనుకకు పోలేదు. నిలువెత్తుకు మించి పెరిగిన చెఱకు తోట దానికి పగలు ఇల్లు, రాత్రి భోజనశాల. మొక్కజొన్న చేను దొరికితే విందే. మంద పడిన చేనిలో తిన్నదానికంటె త్రొక్కి విరిచినదే ఎక్కువగా ఉంటుంది. మంచె మీద డబ్బా వాయిస్తూ తెల్లవార్చిన కాపుకు ఉదయం కనిపించేది నేలకొరిగిన పైరు.

అయినా తుపాకి తీసుకొని బయలుదేరడానికి వీలులేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, దానికి 1991లో వచ్చిన సవరణా వినోదపు వేటకు స్వస్తి చెప్పినవి. పంటను పాడుచేసే పందిని కాల్చవలెనన్నా, ఆ చట్టం 11వ విభాగం ప్రకారం అధికారి వ్రాతపూర్వకమైన ఉత్తరువు ఉండవలె. ఇక 1959 నాటి ఆయుధాల చట్టం పంటకాపుదల కోసమని పేర్కొన్నది మూతి వైపు నుండి మందు కూరే పాతకాలపు తుపాకిని. కనుక విలువైన రైఫిలు సామాన్య రైతు కొనే వస్తువు కాదు. లైసెన్సు ఉండి, ఉత్తరువు చేతబట్టుకొని వచ్చే వేటగాని వస్తువు. అయినా అతడు దానిని ఏమి చూచి ఎన్నుకొన్నాడన్నది చేని యజమానికీ, పొరుగు మంచె మీది మనిషికీ పట్టవలసిన సంగతే.

బోల్టు రైఫిలు పనితీరు తలుపు గడియను ఎరిగినవారందరికీ తెలిసినట్లే. పిడిని పైకెత్తి వెనుకకు లాగితే కాలిన తూటా గుల్ల బయటపడుతుంది. ముందుకు నెట్టితే క్రొత్త తూటా గొట్టంలోనికి పోతుంది. పిడిని క్రిందికి వంచితే గడియ పడుతుంది. 1841లో ప్రష్యా సైన్యం చేపట్టిన డ్రైజె సూది తుపాకి ఈ పద్ధతికి తొలిరూపాలలో ఒకటి. దీనికి పరిణతి తెచ్చినవాడు జర్మనీ దేశస్థుడైన పాల్ మౌజర్. అతని 1898 నాటి నమూనాలో బోల్టు ముందు భాగాన రెండు బలమైన చెవులు ఉన్నవి. అవి తప్పినా ఆదుకొనడానికి వెనుక మూడవది ఉన్నది. తూటా అంచును విడువక పట్టుకొనే ఉక్కు గోరు ఉన్నది. లండనులోని రిగ్బీ సంస్థ ఆ యంత్రాన్నే తీసుకొని వేట రైఫిళ్ళు చేసినది. 436 మందిని పొట్టన బెట్టుకొన్నదని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో కూల్చిన జిమ్ కార్బెట్‌కు బహుమానంగా అందినది అటువంటి రిగ్బీ రైఫిలే.

మేలిరకం రైఫిలుకు అంత ధర ఎందుకు? మొదట కంటబడేది ఉక్కు మీది నగిషీ. అది కంటికి ఇంపే గాని గురికి అక్కర లేనిది. వెల పెట్టి కొనవలసినవి కంటికి కనపడని గుణాలు. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు మొదటి నుండి చివరి వరకు ఒక్క తీరున ఉండవలె. మీట జారకుండా, జంకకుండా తెగవలె. భుజానికి ఆనే కొయ్యభాగం బాగా ఆరిన అక్రోటు కొయ్యదై, పట్టు దగ్గర నార నేరుగా సాగవలె. పేరుగన్న పనివారు కుట్టుపనివానివలె కొనుగోలుదారుని చేయి, మెడ కొలిచి ఆ కొయ్యను చెక్కుతారు. దీనికి సులువైన పరీక్ష ఉన్నది. తూటాలు లేవని సరిచూచుకొన్న రైఫిలును కన్నులు మూసి భుజానికెత్తి, పిమ్మట కన్నులు తెరవవలె. చూపు వెదకకుండా గురిగుర్తు మీద నిలిస్తే అది ఆ మనిషి రైఫిలు. నిలువకపోతే ఎంత పేరున్నదైనా పరాయిదే. మన ఇషాపూరు కర్మాగారంలో తయారైన .315 బోరు రైఫిలు ఆడంబరం లేనిది. అయినా చేతికి కుదిరిన ఇషాపూరు రైఫిలు కుదరని రిగ్బీకంటె వేయిరెట్లు మేలు.

బోరు ఎన్నికలో పొరపాటుకు రెండు దారులు ఉన్నవి. మగపంది భుజాల మీద డాలువంటి దళసరి పొర ఉంటుంది. చాలని గుండు దానిని గాయపరచి వదలుతుంది. గాయపడిన పంది చెఱకులో దూరుతుంది, దాని వెంట నడిచి వెదకవలసినవాడు కూలివాడు. ఆ భయంతో బలమే బలమని పోయినా చిక్కే. 1911లో వచ్చిన .416 రిగ్బీ, 1912లో వచ్చిన .375 హాలెండ్ అండ్ హాలెండ్ ఏనుగులవంటి మహాకాయాలను తలచుకొని చేసినవి. పందికి అంత అక్కర లేదు. మధ్యస్థమైన .30-06 గుండు సైతం అడ్డు లేనిచోట నాలుగు కిలోమీటర్లకు పైబడి పోగలదు. బోధన్ పొలాలు చాలవరకు చదునైనవి. గుండును ఆపే గుట్ట అన్నిచోట్లా దొరకదు. చెఱకు తెర గాని గోడ కాదు. దాని ఆవల మరొక మంచె, ఆ మంచె మీద మరొక కాపు.

అందుచేత ఎన్నిక రైఫిలుతో ముగియదు. మంచె మీదనుండి క్రిందికి కాల్చిన గుండును నేలతల్లి పట్టుకొంటుంది. గట్టు మీద నిలిచి అడ్డంగా కాల్చిన గుండును ఎవరు పట్టుకొంటారో కాల్చినవానికి తెలియదు. పంది వెనుక ఏమున్నదో కనపడనంతవరకు మీట మీద వ్రేలు పెట్టనివాడే మేలైన రైఫిలుకు తగినవాడు.

బోల్టు రైఫిలుతో రెండవసారి కాల్చడానికి చేయి మీటను విడిచి గడియ తీయవలె. తొందరపాటువానికి ఈ ఆలస్యం లోపంగా తోస్తుంది. మొదటి గుండుతోనే పని ముగియవలెనని గుర్తుచేసే గుణం అదే. నాడు పందిని కూల్చిన బాణం నాదంటే నాదని ఇద్దరు వీరులు పోట్లాడినారు. గుండు పొరుగు మంచె మీది కాపును తాకిన నాడు నాదని ముందుకు వచ్చేవాడు ఉండడు. అటువంటి నాడు రాకుండా చూచుకొనేవాని చేతిలోనే రైఫిలుకు విలువ.