ఆంగ్ల వాక్యసంయోజనము - భూతకాల భేదములు

ఆంగ్ల వ్యాకరణ బోధనలో వాక్యసంయోజనమును, భూతకాల భేదములను వేర్వేరు ప్రకరణములలో చెప్పుట వాడుక. రెన్, మార్టిన్‌ల ప్రసిద్ధ వ్యాకరణమునందును ఇవి వేర్వేరు తావులనే యున్నవి. తెలుగు మాతృభాషగా గల విద్యార్థికి మాత్రము ఇవి ఒకే చిక్కునకు రెండు కొసలని మా యభిప్రాయము.

ఆ చిక్కునకు మూలము మన క్త్వార్థకము. 'రాముడు ఇంటికి వచ్చి, భుజించి, నిద్రించెను' అనునపుడు 'వచ్చి', 'భుజించి' అను రూపములకు స్వకీయమగు కాలము లేదు. సమాపకక్రియ యే కాలమున నున్న నవియు నా కాలమునకే చెందును. ఆంగ్లమున 'రామా కేమ్ హోమ్, ఏట్ అండ్ స్లెప్ట్' అని ప్రతిక్రియయు తన కాలమును తానే మోయవలెను. రెండు గతక్రియలలో ముందుదానికి 'హ్యాడ్' చేర్చవలెనని నేర్చిన విద్యార్థి యిచటను 'హ్యాడ్ కమ్', 'హ్యాడ్ ఈటెన్' అని వ్రాయును. ఆ సూత్రము సగము సత్యము. జరిగిన వరుసనే చెప్పుకొనిపోవునపుడు సామాన్యభూతమే చాలును. 'ఆఫ్టర్', 'బిఫోర్' అను పదములున్నచోటను వరుస స్పష్టమే కనుక, పూర్ణభూతము తరచుగా ఐచ్ఛికము.

'వెన్' అను పదముతో కలిపినపుడు స్థితి వేఱు. 'వెన్ ది పోలీస్ కేమ్, హి ర్యాన్ అవే' అనిన, పోలీసులు రాగా నతడు పారిపోయెనని యర్థము. 'హి హ్యాడ్ రన్ అవే' అనిన, వారు వచ్చునప్పటికే పారిపోయియుండెనని యర్థము. ఒక సాక్షి తెలుగున నిచ్చిన వాఙ్మూలమును ఆంగ్లీకరించువా డీ భేదమును పాటింపనిచో, పోలీసులను చూడనైన చూడనివాడు వారిని చూచి పరుగెత్తినవాడగును. ఇది కేవలము మార్కులకు సంబంధించిన తప్పు కాదు.

హాన్స్ రైఖెన్‌బాఖ్ 1947లో ప్రకటించిన తర్కశాస్త్ర గ్రంథమున కాలరూపములకు మూడు బిందువులను కల్పించెను: మాటాడు సమయము, సంఘటన సమయము, దానిని పరికించుటకు నిలిచిన సమయము. ఈ మూడవది రెండవదానికి తరువాతను, మొదటిదానికి ముందును ఉన్నపుడే పూర్ణభూతమునకు పని కలుగును. పై యుదాహరణమున పోలీసుల రాకయే యట్టి నిలుకడ. అట్టిదేదియు లేక, 'లాస్ట్ ఇయర్ ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి' అని వ్రాయుట మన దేశమున మిక్కిలి వ్యాపించినది. దూరమైన గతమునకు 'హ్యాడ్' గుర్తని తలచుటయే యిందులకు కారణము కాబోలు. వేయేండ్లనాటి యుద్ధమునకైనను సామాన్యభూతము చాలును. అయిదు నిమిషముల తేడాకైనను పూర్ణభూతము కావలసి రావచ్చును.

ఇక కర్తృభేదము. పూర్వకాలక్రియకును, తరువాతి క్రియకును కర్త యొక్కడే యైనపుడు క్త్వాప్రత్యయమును పాణిని (3.4.21) విధించెను. తెలుగు ఈ కట్టుబాటును కొంత సడలించినది. 'వాన కురిసి చెరువు నిండెను' అనుట మనకు సహజము. కర్తలు రెండు, పైగా 'కురిసి' కారణమును గూడ తెలుపుచున్నది. దీనిని 'హావింగ్ రెయిన్డ్, ది ట్యాంక్ ఫిల్డ్ అప్' అని మార్చినచో చెరువే వాన కురిసినట్లగును! 'ఇట్ రెయిన్డ్ అండ్ ది ట్యాంక్ ఫిల్డ్ అప్' అనవచ్చును. ఇందు 'హ్యాడ్' అక్కఱలేదు. కార్యమును ముందు చెప్పి, 'ది ట్యాంక్ వాజ్ ఫుల్ బికాజ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్' అనినచో, చెప్పువరుస తలక్రిందులైనది కనుక 'హ్యాడ్' వచ్చినది. విషయ మొక్కటే, సంయోజన విధానము మారగా కాలరూపమును మారినది.

కావున తరగతిలో రెండు వాక్యములనిచ్చి కలుపుమనుటకంటె, క్త్వార్థకముతో గూడిన యొక తెలుగు వాక్యమునిచ్చి, దానిని ఆంగ్లమున రెండు విధముల వ్రాయించుట మేలు: ఒకటి జరిగిన వరుసలో, మఱియొకటి చివరి క్రియతో నారంభించి. జవాబులను దిద్దునపుడు రెండింటిలోని క్రియారూపములను ప్రక్కప్రక్కన నుంచి చూపవలెను. ఒకే జవాబును అచ్చొత్తిన కీపుస్తకము ఇందులకు పనికిరాదు.