గవర్నమెంట్ సర్టిఫికెట్ ఉన్న హాస్పిటల్ సాఫ్ట్‌వేర్: పరీక్షలో ఏం అడుగుతారు, ఏం అడగరు?

కిందటి ఎపిసోడ్‌లో అమెరికాలో హాస్పిటల్ బిల్లు ఎలా చదవాలో చెప్పుకున్నాం కదా. అది చూసి, పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న ఒక పెద్దాయన నన్ను ఒక ప్రశ్న అడిగారు. "బాబూ, ఇక్కడ డాక్టర్లు వాడే సాఫ్ట్‌వేర్‌కి గవర్నమెంట్ సర్టిఫికెట్ ఉంటుందట. మరి ఒక హాస్పిటల్లో చెప్పింది ఇంకో హాస్పిటల్లో మళ్ళీ మొదటినుంచీ ఎందుకు చెప్పాల్సి వస్తోంది?"

మంచి ప్రశ్న. నేను ఈ రంగంలోనే టెస్టింగ్ పని చేస్తాను కాబట్టి ఇవాళ దీని గురించే మాట్లాడతాను. ముందు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు జ్వరం వస్తే ఒక హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. అమ్మకి సల్ఫా మందులు పడవు, ముఖం వాచిపోతుంది. ఆ మాట నేనే చెప్పాను, వాళ్ళు రాసుకున్నారు. కొన్నాళ్ళకి యూరిన్ ఇన్ఫెక్షన్ అని వేరే క్లినిక్‌కి వెళ్ళాం. నర్సు "అలర్జీలు ఏమైనా ఉన్నాయా?" అని అడిగితే అమ్మ "ఏం లేవమ్మా" అనేసింది. ఆవిడ దృష్టిలో అలర్జీ అంటే తుమ్ములు. అప్పుడు నేను కౌంటర్ దగ్గర ఇన్సూరెన్స్ కాగితాలతో ఉన్నాను. డాక్టర్ గారు రాసింది సల్ఫా మందే. కంప్యూటర్ ఏ హెచ్చరికా చూపించలేదు. మందు పేరు చూసి నేను అడిగితే ఆయన వెంటనే మార్చేశారు.

రెండు చోట్లా సర్టిఫికెట్ ఉన్న సాఫ్ట్‌వేరే. మొదటి హాస్పిటల్ నుంచి రికార్డు రాలేదా అంటే, వచ్చింది. ఫ్యాక్స్‌లో వచ్చింది. దాన్ని స్కాన్ చేసి బొమ్మలా ఫైల్లో పెట్టారు. బొమ్మలో ఉన్న అక్షరాలు మనిషి చదవగలడు. కానీ మందుకీ అలర్జీకీ పడదని హెచ్చరించే ప్రోగ్రాం చదవలేదు. దానికి అలర్జీ గడిలో కోడ్ రూపంలో ఉండాలి. ఆ గడి ఖాళీ. అంటే సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు, పరీక్షలో ఎలా పనిచేసిందో అలాగే పనిచేసింది. నాకు భయం వేసింది అందుకే.

ఇప్పుడు అసలు ఈ సర్టిఫికెట్ ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. 2008లో అమెరికా హాస్పిటళ్ళలో కనీస స్థాయి ఎలక్ట్రానిక్ రికార్డులు ఉన్నవి నూటికి పది కూడా లేవు. 2009లో హైటెక్ యాక్ట్ అనే చట్టం తెచ్చారు. కంప్యూటర్ రికార్డులకి మారి, వాటిని సరిగ్గా వాడే డాక్టర్‌కి మెడికేర్ కింద ఐదేళ్ళలో 44,000 డాలర్ల దాకా ఇస్తామన్నారు. మారని వాళ్ళకి 2015 నుంచి మెడికేర్ చెల్లింపుల్లో కోత. ఒక షరతు ఉంది: కొనే సాఫ్ట్‌వేర్ సర్టిఫై అయి ఉండాలి. ఇక చూడండి, సర్టిఫికెట్ లేని సాఫ్ట్‌వేర్‌ని ఎవరు కొంటారు? కంపెనీలకి అది చావుబతుకుల విషయమైపోయింది.

ఈ పరీక్ష గవర్నమెంట్ వాళ్ళు స్వయంగా పెట్టరు. ఆరోగ్య శాఖలో ఓ.ఎన్.సి. అనే ఆఫీసు నియమాలు రాస్తుంది. డ్రమ్మండ్ గ్రూప్ లాంటి ప్రైవేటు సంస్థలకి పరీక్షించే అధికారం ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ మొత్తానికి ఒకే మార్కు ఉండదు. మందు ఆర్డర్ చెయ్యడం ఒక అంశం, ఫార్మసీకి ప్రిస్క్రిప్షన్ పంపడం ఒకటి, పేషెంట్ వేరే చోటికి వెళ్తే సారాంశం పంపడం ఇంకొకటి. అంశం అంశానికీ విడివిడిగా పరీక్ష. ఏ అంశాన్ని ఎలా పరీక్షిస్తారో ముందే అందరికీ తెలిసేలా పెడతారు.

మనకి ఇది బాగా తెలిసిన సంగతే కదండీ. పరీక్షకి ముందు ఇంపార్టెంట్ క్వశ్చన్స్ తెలిస్తే ఏం చేస్తాం? కొందరు పాఠం అంతా చదువుతారు, కొందరు ఆ ప్రశ్నలే బట్టీ పడతారు.

బట్టీ పట్టారన్న కేసు ఒకటి కోర్టు దాకా వెళ్ళింది. ఈ-క్లినికల్-వర్క్స్ అని ఇక్కడ చాలా క్లినిక్కుల్లో వాడే సాఫ్ట్‌వేర్ ఉంది. నియమం ప్రకారం ఏ మందు రాసినా దానికి ఆర్ఎక్స్-నార్మ్ అనే జాతీయ పట్టికలోని కోడ్ వెళ్ళాలి. ఆ పట్టికనంతా కలపకుండా, పరీక్షలో వచ్చే 16 మందుల కోడ్‌లు మాత్రమే ప్రోగ్రాంలో నేరుగా టైపు చేసి పెట్టారని ప్రభుత్వ న్యాయశాఖ ఆరోపణ. పరీక్షలో ఆ పదహారూ చక్కగా వచ్చాయి, పాస్. 2017 మే నెలలో కంపెనీ 155 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. సంగతి బయటపెట్టింది న్యూయార్క్ నగరంలో ఆ సాఫ్ట్‌వేర్‌ని అమర్చే పనిలో ఉన్న ఒక టెక్నీషియన్. అంటే పరీక్షలో దొరకనిది, రోజూ దగ్గరుండి చూసే మనిషికి దొరికింది. 2019లో గ్రీన్‌వే హెల్త్ అనే ఇంకో కంపెనీ కూడా పరీక్ష విషయంలో ఇలాంటి ఆరోపణల మీదే 57.25 మిలియన్ డాలర్లకి సెటిల్ చేసుకుంది.

సరే, అయితే సర్టిఫికెట్ దండగేనా? నేను అలా అనను. కుక్కర్ మీద ఐ.ఎస్.ఐ. ముద్ర ఉంటే పేలదన్న ధైర్యం ఉంటుంది, అన్నం ఎలా ఉడుకుతుందో మాత్రం ముద్ర చెప్పదు. అది లేకపోతే ఒక్కో కంపెనీ ఒక్కో భాషలో రాసుకునేది, రెండు సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే దారే ఉండేది కాదు.

పైగా నియమాలు కూడా మారాయి. 2016లో వచ్చిన 21వ శతాబ్దపు క్యూర్స్ యాక్ట్‌లో మూడు సంగతులు ముఖ్యం. ఒకటి, ల్యాబ్‌లో పాసైతే చాలదు, నిజమైన క్లినిక్కుల్లో ఎలా పనిచేస్తోందో పరీక్షించి చూపించాలన్నారు. ఇది 2022లో మొదలైంది. రెండు, సాఫ్ట్‌వేర్‌లో లోపం కనిపిస్తే బయట చెప్పొద్దని కంపెనీలు డాక్టర్ల నోరు నొక్కే ఒప్పందాలు చెల్లవన్నారు. అంతకుముందు అలాంటి ఒప్పందాలు ఉండేవి మరి. మూడు, సమాచారాన్ని అడ్డుకోవడం. పేషెంట్ రికార్డు కదలకుండా కావాలని అడ్డుపడే సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఒక్కో తప్పుకి 1 మిలియన్ డాలర్ల దాకా జరిమానా వెయ్యొచ్చు.

మరి మనం ఏం చెయ్యాలి? మీరు అమెరికాలో ఉంటే, అమ్మానాన్నల్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే వాళ్ళైతే, పేషెంట్ పోర్టల్ తెరిచి అలర్జీలు, మందుల లిస్టు అనే రెండు గడులు చూడండి. "రికార్డు వచ్చిందా?" అని అడిగి ఊరుకోకండి, "మా అమ్మ అలర్జీ మీ లిస్టులో కనిపిస్తోందా?" అని అడగండి. ఖాళీగా ఉంటే అక్కడే చేర్పించండి, రెండు నిమిషాల పని. పెద్దవాళ్ళని అలర్జీ ఉందా అని కాకుండా "ఏ మందైనా పడలేదా?" అని తెలుగులో అడగండి.

మీరు క్లినిక్ నడుపుతుంటే, లేదా నాలాగా ఈ పనిలోనే ఉంటే, సర్టిఫై అయిన సాఫ్ట్‌వేర్ల లిస్టు ఓ.ఎన్.సి. వెబ్‌సైట్లో అందరికీ ఉచితంగా ఉంది. ఏ అంశాల్లో పాసయ్యారు, తర్వాత తనిఖీలో లోపాలు ఏమైనా తేలాయా అన్నది కూడా అందులో కనిపిస్తుంది. డెమోలో సేల్స్ వాళ్ళు తెచ్చిన పేషెంట్‌ని కాదు, మీ దగ్గరికి రోజూ వచ్చేలాంటి కేసు ఇచ్చి చేసి చూపించమనండి. నేను టెస్టింగ్‌లో చేసే మొదటి పని ఇప్పుడు అదే. స్క్రిప్టులో లేని పదిహేడో మందు టైపు చేస్తాను.

మన దేశంలో కూడా ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఆభా నంబర్లు ఇస్తున్నారు, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్లు అందులో చేరాలంటే ముందు శాండ్‌బాక్స్‌లో పరీక్ష పాసవ్వాలి. అక్కడ కూడా అడగాల్సింది ఇదే: పరీక్షలో పంపిన రికార్డు సంగతి సరే, మా నాన్నగారి రికార్డు వచ్చిందా, వస్తే చదవగలిగేలా వచ్చిందా?

అమ్మ ఇప్పుడు ఊళ్ళోనే ఉంది. ఆవిడ పర్సులో ఒక కార్డు ముక్క మీద "సల్ఫా మందులు పడవు" అని తెలుగులో, ఇంగ్లీషులో రాసి పెట్టాను. సాఫ్ట్‌వేర్ వాడినై ఉండి కాగితం రాశావేంటి అని మా తమ్ముడు నవ్వాడు. నవ్వితే నవ్వాడులెండి, మీరూ ఒకటి రాసి పెట్టండి.

వచ్చే ఎపిసోడ్‌లో పేషెంట్ పోర్టల్ నుంచి మీ రికార్డు మొత్తం ఎలా తెచ్చుకోవాలో స్క్రీన్ మీద చూపిస్తాను. ఉంటానండీ, నమస్కారం.