టీకి గ్యాసు, కూటికి కట్టెలు

ఊపిరాడక వచ్చే ఆడవాళ్లను నేను ముందుగా అడిగేది, "ఇంట్లో దేనిమీద వండుతారమ్మా?" అని. చుట్టా బీడీ ముట్టని మనిషికి ఆయాసం ఎక్కడిదో చాలాసార్లు ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

మొన్న పార్వతీపురం వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. నాలుగు మెట్లెక్కితే ఆగిపోతోంది. స్పైరోమెట్రీ యంత్రంలో గట్టిగా ఊదించాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మొదటి సెకనులోనే ముప్పాతిక వంతు గాలి బయటికొస్తుంది. ఆవిడకు సగం కూడా రాలేదు. ఇన్‌హేలర్ ఇచ్చి మళ్లీ ఊదించినా అంతే. సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ఇది. ఏళ్ల తరబడి పీల్చిన పొగకు శ్వాసనాళాలు ఇరుకైపోయాయి. మందులతో ఆయాసం తగ్గుతుంది గానీ పోయిన ఊపిరి తిరిగి రాదు.

"గ్యాసు లేదామ్మా?" అన్నాను.

"ఉంది డాక్టరమ్మా. టీకీ, చంటోడి పాలకీ. అన్నం, వేన్నీళ్లు పొయ్యిమీదే. బండ అయిపోతే మళ్లీ ఎవులిస్తారు?"

1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం డ్వాక్రా మహిళలకు కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఏడాదికి మూడు బండలు ఉచితమంది, తెలంగాణ 500 రూపాయలకే బండ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవన్నీ ప్రాణాలు నిలిపే పనులే. అయితే నలుగురున్న ఇంట్లో అన్నీ గ్యాసు మీదే వండితే 14.2 కిలోల బండ నెలన్నరకు మించి రావడం కష్టం. మూడు బండలతో ఏడాది గడవదు. కూలి దొరకని నెలల్లో మళ్లీ జీడిమామిడి పుల్లలే.

ఇక్కడే అసలు చిక్కు. పీఎం 2.5 అనే సన్నని ధూళి ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కట్టెల పొయ్యి వెలిగే వంటింట్లో అది వందల్లో ఉంటుంది. టీ ఒక్కటే గ్యాసు మీదికి మారితే ఊపిరితిత్తులకు ఒరిగేది తక్కువ.

ముప్పై దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో వంటకు వాడే ఇంధనం ఏమిటన్న ప్రశ్న ఉంది. కట్టెలని రాసిన ప్రతి ఇంటివాళ్లకూ శ్వాస పరీక్ష చేయాలి. స్పైరోమీటర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా రావాలి. ఎన్ని కనెక్షన్లు ఇచ్చామన్న లెక్క చాలదు, ఏ ఇంట్లో బండ ఎన్నాళ్లకు మారుతోందో అధికారులు చూడాలి.

మీ ఇంట్లో వేన్నీళ్ల పొయ్యి ఉంటే దాన్ని పెరట్లోకి మార్చండి. చంటిపిల్లను చంకనెత్తుకుని పొయ్యి దగ్గర కూర్చోకండి, ఆ పొగ పసివాళ్లకు న్యుమోనియా తెస్తుంది.