డబ్బా మీద కోడెక్ పేరు చూసి హెడ్‌ఫోన్స్ కొంటున్నారా? ముందు ఇది తెలుసుకోండి

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కొందామని అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కో, కోఠి గుజరాతీ గల్లీకో వెళ్తే షాపులో వినిపించే మాటలు ఇప్పుడు మారిపోయాయి. ఒకప్పుడు "బాస్ బాగుంటుంది భాయ్" అనేవారు. ఇప్పుడు "ఎల్‌డీఏసీ ఉంది, ఆప్ట్‌ఎక్స్ ఉంది, హై-రెజ్ సౌండ్" అంటున్నారు. ఆ రెండు మాటలకే ధర రెండు మూడు వేలు పెరిగిపోతుంది. ఇంతకీ ఈ పేర్లకు అర్థం ఏమిటి? అంత డబ్బు ఎక్కువ పెడితే మన చెవికి నిజంగా తేడా తెలుస్తుందా?

కోడెక్ అంటే ఏమిటి?

సామాను నిండిన లారీ ఒకటి మెయిన్ రోడ్డు దాకా వచ్చింది. మీ ఇల్లేమో ఇరుకు గల్లీలో ఉంది. లారీ లోపలికి రాదు. సామాను దించి, ఖాళీ అట్టపెట్టెలు, గడ్డి అక్కడే పారేసి, పనికొచ్చే వస్తువులను చిన్న ట్రాలీ ఆటోలో సర్దుకుని ఇంటికి తెచ్చుకుంటాం. బ్లూటూత్‌లో పాట కూడా ఇలాగే వస్తుంది. గల్లీ అంటే బ్లూటూత్ సిగ్నల్. సామాను అంటే పాట. ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి, ఎలా సర్దాలి అని నిర్ణయించే పద్ధతి పేరే కోడెక్.

లెక్కలో చెప్పుకుంటే ఇంకా తేలిక. ఆడియో సీడీలో ఒక్కో సెకనుకు 44,100 శాంపిల్స్ ఉంటాయి. ఒక్కోటి 16 బిట్లు, కుడి ఎడమ రెండు చానెళ్లు. అన్నీ గుణిస్తే సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. మామూలు బ్లూటూత్ ఇంత బరువును ఆగకుండా, తెగకుండా మోయలేదు. అందుకే ఫోన్ పాటను కుదించి పంపుతుంది, హెడ్‌ఫోన్ దాన్ని మళ్లీ విప్పుతుంది. కుదించేటప్పుడు మన చెవి పెద్దగా పట్టించుకోని శబ్దాలను ముందుగా తీసేస్తారు.

ఏ కోడెక్ ఎంత మోస్తుంది?

ఎస్‌బీసీ: ఇది అందరికీ కామన్. బ్లూటూత్‌లో పాటలు వినిపించే ప్రతి ఫోన్‌లో, ప్రతి హెడ్‌ఫోన్‌లో ఇది ఉండి తీరాలన్నది నిబంధన. మంచి సెట్టింగ్‌లో సెకనుకు 328 కిలోబిట్ల వరకు పంపుతుంది.

ఏఏసీ: ఐఫోన్లు వాడేది ఇదే. సాధారణంగా 256 కిలోబిట్ల దగ్గర ఉంటుంది. నంబర్ ఎస్‌బీసీ కన్నా తక్కువే అయినా సర్దే పద్ధతి తెలివైనది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం దీని నాణ్యత మోడల్‌ను బట్టి మారుతుంది.

ఆప్ట్‌ఎక్స్: దీని పుట్టిల్లు ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్. ఇప్పుడు క్వాల్‌కామ్ చేతిలో ఉంది. మామూలు ఆప్ట్‌ఎక్స్ 352 కిలోబిట్లు, ఆప్ట్‌ఎక్స్ హెచ్‌డీ 576 కిలోబిట్లు.

ఎల్‌డీఏసీ: సోనీ కంపెనీ 2015లో తెచ్చింది. 330, 660, 990 కిలోబిట్లు అని మూడు మెట్లు ఉంటాయి. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి దీన్ని ఫోన్ కంపెనీలకు అందుబాటులో పెట్టారు.

రెండు వైపులా ఉంటేనే పని

మన దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కోడెక్ అనేది ఇద్దరి మధ్య మాట్లాడుకునే భాష లాంటిది. ఒకరికి ఉర్దూ, తెలుగు రెండూ వచ్చి, రెండోవారికి తెలుగు మాత్రమే వస్తే మాటలు తెలుగులోనే సాగుతాయి. ఫోన్‌లోనూ, హెడ్‌ఫోన్‌లోనూ ఎల్‌డీఏసీ ఉంటేనే ఎల్‌డీఏసీ పనిచేస్తుంది. ఒక్క వైపు లేకపోయినా ఇద్దరికీ తెలిసిన ఇంకో కోడెక్‌కు, ఏదీ కుదరకపోతే ఎస్‌బీసీకి దిగిపోతుంది.

ఐఫోన్‌లో ఉండేవి ఎస్‌బీసీ, ఏఏసీ మాత్రమే. కాబట్టి ఐఫోన్ ఉన్నవారు ఎల్‌డీఏసీ పేరు చూసి ఎక్కువ డబ్బు పెడితే ఆ పేరుకు పెట్టిన డబ్బు వృథా. శాంసంగ్ ఇయర్‌బడ్స్‌లో ఆ కంపెనీ సొంత కోడెక్ ఉంటుంది, అది శాంసంగ్ ఫోన్లతోనే పనిచేస్తుంది. డబ్బా మీద "బ్లూటూత్ 5.3" అని పెద్దగా వేసినా అది సౌండ్‌కు గ్యారంటీ కాదు. వెర్షన్ వేరు, కోడెక్ వేరు.

నంబర్ పెద్దదైతే సౌండ్ బాగుంటుందా?

అన్నిసార్లూ కాదు. మొదటి కారణం, పాట ఎక్కడి నుంచి వస్తోందన్నది. యూట్యూబ్‌లో పాట వింటే అక్కడే అది బాగా కుదించి ఉంటుంది. ఫోన్ దాన్ని విప్పి, మళ్లీ బ్లూటూత్ కోసం సర్ది పంపుతుంది. బిందెడు నీళ్లను డ్రమ్ములో పోసినంత మాత్రాన డ్రమ్ము నిండదు కదా. 990 కిలోబిట్ల దారి ఉన్నా లోపల వచ్చేది ఆ బిందెడే.

రెండో కారణం, సిగ్నల్. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో. వైఫై రూటర్లు చాలావరకు, మైక్రోవేవ్ ఓవెన్లు కూడా అక్కడే ఉంటాయి. పైగా మన ఒంట్లోని నీరు ఆ సిగ్నల్‌ను పీల్చేస్తుంది. ఫోన్ ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని రద్దీగా ఉన్న మెట్రో స్టేషన్‌లో నిలబడితే పెద్ద నంబర్ నిలబడదు. ఎల్‌డీఏసీ ఆటోమేటిక్ సెట్టింగ్‌లో ఉంటే తనే 660కో 330కో తగ్గుతుంది. 990 దగ్గరే బిగించి పెడితే పాట మధ్యమధ్యలో తెగిపోతుంది.

మూడోది, హెడ్‌ఫోన్ తయారీ. లోపల ఉండే చిన్న స్పీకర్, దాని ట్యూనింగ్, చెవిలో రబ్బరు టిప్ సరిగ్గా కూర్చోవడం, ఇవి చేసేంత తేడా కోడెక్ చేయదు. టిప్ వదులుగా ఉంటే బాస్ మొత్తం బయటికే పోతుంది. డబ్బాలో వచ్చే మూడు సైజుల టిప్పులూ మార్చి చూడండి, పైసా ఖర్చు లేకుండా సౌండ్ మారుతుంది.

కాల్ వచ్చిందంటే కథ మారిపోతుంది

"పాటలు బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి, ఫోన్ మాట్లాడితే మాత్రం డొక్కుగా ఉంది" అనే ఫిర్యాదు చాలామందిది. హెడ్‌ఫోన్ పాడైందని అనుకుంటారు. విషయం అది కాదు. ఇప్పటిదాకా చెప్పుకున్న కోడెక్‌లన్నీ పాటలకే. హెడ్‌ఫోన్ మైక్ ఆన్ అయిన క్షణం బ్లూటూత్ ఇంకో పద్ధతిలోకి మారుతుంది. అక్కడ స్టీరియో ఉండదు. మాట సెకనుకు 16,000 శాంపిల్స్‌తో, పాత పరికరాల్లో అయితే 8,000 శాంపిల్స్‌తోనే వెళ్తుంది. వాట్సాప్ కాల్ అయినా అంతే.

శాంపిల్స్ తగ్గితే సన్నని శబ్దాలు పోతాయి. ఎస్, ఎఫ్ అక్షరాల మధ్య తేడా ఆ సన్నని శబ్దాల్లోనే ఉంటుంది. సౌదీ నుంచో, దుబాయ్ నుంచో కొడుకు పాస్‌పోర్టు నంబరో, బ్యాంకు కోడో చెబుతుంటే ఇంట్లో ఎస్‌ను ఎఫ్‌గా రాసుకునే ప్రమాదం ఉంది. అలాంటి ముఖ్యమైన మాటలప్పుడు హెడ్‌ఫోన్ తీసేసి నేరుగా ఫోన్‌లోనే మాట్లాడటం మంచిది. ఇంకా మంచిది, అవే వివరాలు మెసేజ్‌గా పంపమనడం.

కంప్యూటర్‌లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉన్నవాళ్లకు ఒక చిట్కా. సెట్టింగ్స్‌లో మైక్ దగ్గర ల్యాప్‌టాప్ మైక్‌ను, స్పీకర్ దగ్గర హెడ్‌ఫోన్‌ను ఎంచుకోండి. అప్పుడు హెడ్‌ఫోన్ పాటల పద్ధతిలోనే ఉండి ఎదుటివారి మాట స్పష్టంగా వినిపిస్తుంది.

సినిమా ఓకే, గేమ్ ఎందుకు లేటు?

సర్దడం, పంపడం, విప్పడం, వీటన్నిటికీ కొంత సమయం పడుతుంది. వీడియో యాప్‌లు బొమ్మను కాస్త ఆపి మాటతో కలిపేస్తాయి, అందుకే సినిమాలో తేడా తెలియదు. గేమ్‌లో అలా ఆపడం కుదరదు. మీరు బటన్ నొక్కాక కాసేపటికి తుపాకీ మోగుతుంది. గేమ్స్ ఆడే పిల్లలకు వైరు ఉన్న ఇయర్‌ఫోన్సే మేలు.

కొత్తగా వస్తున్నది ఎల్‌ఈ ఆడియో

2020 జనవరిలో బ్లూటూత్ సంస్థ ఎల్‌ఈ ఆడియోను ప్రకటించింది. దాని కోడెక్ పేరు ఎల్‌సీ3. తక్కువ కిలోబిట్లలోనే ఎస్‌బీసీ కన్నా మంచి సౌండ్ ఇవ్వడం, బ్యాటరీ ఆదా చేయడం, కాల్స్‌లో మాట స్పష్టతను పెంచడం దీని లక్ష్యాలు. ఆండ్రాయిడ్ 13 నుంచి దీనికి సపోర్టు మొదలైంది. ఇందులోనే ఆరాకాస్ట్ అనే సదుపాయం ఉంది. ఒకే చోటి నుంచి ఎంతమందికైనా ఒకేసారి ఆడియో పంపవచ్చు. ఈ పరికరాలు అందుబాటులోకి వస్తే మసీదులో, ఫంక్షన్ హాల్‌లో వెనక వరుసలో కూర్చున్న వినికిడి తక్కువ పెద్దలు తమ హియరింగ్ ఎయిడ్‌లోనే ప్రసంగం నేరుగా వినగలుగుతారు.

కొనే ముందు ఇవి చూసుకోండి

ముందు మీ ఫోన్‌లో ఏ కోడెక్ ఉందో తెలుసుకోండి. ఆండ్రాయిడ్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో బ్లూటూత్ ఆడియో కోడెక్ దగ్గర ఇప్పుడు ఏది నడుస్తోందో కనిపిస్తుంది. మిగతావేవీ మార్చకండి.

షాపులో మీ సొంత ఫోన్‌తోనే కనెక్ట్ చేసి, మీకు బాగా తెలిసిన పాటో, నాతో, ఖిరాతో పెట్టి వినండి. తర్వాత బయట రోడ్డు మీద నిలబడి ఇంటికి ఒక కాల్ చేసి చూడండి. మైక్ సంగతి అక్కడే తేలిపోతుంది.

చివరిగా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు మించి వినకూడదు. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గుతాయి. పాతబడ్డ హెడ్‌ఫోన్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు. పెద్ద శబ్దానికి పోయిన వినికిడి తిరిగి రాదు. పిల్లలకు కొనిచ్చేటప్పుడు కోడెక్ కన్నా ముందు ఫోన్‌లో వాల్యూమ్ లిమిట్ పెట్టండి.